మోడం పట్టినా వాన పడని ఊళ్లో

మబ్బు, వాన ఎట్లా అవుతాయో చెప్పే పాఠానికి నాకు ఐసు కావాల్సి వచ్చింది. మా బడి ఉన్న ఊళ్లో అప్పటికి ఫ్రిజ్ ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. 2001 మార్చి నెల. అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు ఒక చిన్న ఊరు, రెండు గదుల ప్రాథమిక పాఠశాల. నేను ఆ ఊరికి కొత్తగా వచ్చాను. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పేదాన్ని.

పాఠంలో ఒక బొమ్మ ఉంది. సముద్రం, పైన సూర్యుడు, సముద్రం నుంచి పైకి పోయే బాణాలు, మబ్బు, కొండ, మబ్బు నుంచి కిందికి దిగే గీతలు. బాణాల వెంట వేలు పెట్టి చెప్పుకుంటూ పోతే పావుగంటలో పాఠం అయిపోతుంది. మొదటి రోజు అలాగే చెప్పాను. పిల్లలు చక్కగా విన్నారు, అడిగితే అప్పజెప్పారు. కానీ వాళ్లలో సముద్రం చూసినవాళ్లు ఎవరూ లేరు. బొమ్మలోని బాణం వాళ్లకు ఎక్కడినుంచో ఎక్కడికో పోతోంది. ఆ సాయంత్రం బస్సులో అనంతపురం తిరిగి వస్తున్నప్పుడు మనసు బాగాలేదు. సముద్రాన్ని తీసేసి, వాళ్ల ఇళ్లలో ఉన్న నీళ్లతో మొదలుపెట్టాలని అనుకున్నాను.

మధ్యాహ్నం పూట పుల్లైసులు అమ్మే అన్న ఒకాయన సైకిల్ మీద వచ్చేవాడు. మర్నాడు అతన్ని ఆపి, పెట్టెలో పుల్లైసుల చుట్టూ వేసే ఐసు ముక్కలు రెండు గుప్పిళ్లు ఇమ్మని అడిగాను.

"ఏం చేసుకుంటారు మేడమ్మా?"

"పిల్లలకు మబ్బు ఎట్లా అవుతుందో చూపించాలి అన్నా."

డబ్బులు తీసుకోలేదు. సైకిల్ గోడకు ఆనించి, కిటికీ పక్కన నిలబడి పాఠమంతా చూశాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు మా తరగతికి ఐసు అతనిదే.

స్టీలు గ్లాసును బయటంతా పొడిగుడ్డతో తుడిచి, నీళ్లు పోసి, ఐసు వేసి బల్ల మీద పెట్టాను. ఎవరూ ముట్టుకోవద్దన్నాను. నాలుగైదు నిమిషాలకు గ్లాసు మీద పల్చటి మసక వచ్చింది. వేలితో గీస్తే గీత పడింది. ఆ నీళ్లు ఎక్కడివని అడిగాను.

"గ్లాసుకు చెమట పట్టింది మేడం."

"లోపలి నీళ్లే. ఊరినాయి."

"మా ఇంట్లో కడవ కూడా అంతే. బయట తడిగా ఉంటుంది."

పిల్లలు తప్పుగా ఆలోచిస్తున్నారని మనకు వెంటనే అనిపిస్తుంది. నాకు అలా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. మట్టి కడవ విషయంలో వాళ్లు చెప్పింది నిజం. మట్టికి కంటికి కనపడని రంధ్రాలుంటాయి, నీళ్లు ఊరి బయటికి వస్తాయి, అవి ఆవిరవుతూ కడవను చల్లబరుస్తాయి. రోజూ చూసే కడవను బట్టి గ్లాసును అర్థం చేసుకున్నారు. పైగా మన మాట కూడా వాళ్లను అటే తీసుకుపోతుంది. చెమట పట్టిందంటాం. చెమట లోపలి నుంచి వస్తుంది కదా. మంచు కురిసిందంటాం. కానీ గడ్డి మీద మంచు పైనుంచి రాలదు, చల్లబడిన గడ్డి మీదే చుక్క కడుతుంది. ఇంత అందమైన మాటలను తీసేయలేం. పక్కన నిజం కూడా చెప్పాలి, అంతే.

నా దగ్గర పుస్తకాలు దిద్దే ఎర్ర సిరా ఉండేది. రెండో గ్లాసులో నీళ్లు పోసి, సిరా కలిపి, ఐసు వేశాను. లోపలి నీళ్లే ఊరితే బయట ఏ రంగు రావాలి? అందరూ ఎరుపన్నారు. కాగితం ముక్కతో తుడిచి చూపించాను. కాగితం తడిసింది కానీ ఎర్రబడలేదు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మూడో తరగతిలో రెండు జడల పిల్ల ఒకతి లేచి, "వేడి నీళ్లు పోసి చూద్దాం మేడం. ఊరేదైతే వేడి నీళ్లు కూడా ఊరాలి కదా" అంది. నేను ఇంట్లో రాసుకొచ్చిన పాఠంలో ఆ పరీక్ష లేదు. పక్కింటి పొయ్యి మీద నుంచి నీళ్లు తెచ్చి పోశాం. గ్లాసు బయట పొడిగానే ఉంది. సిరా కంటే ఆ పిల్ల పరీక్షే బాగా ఒప్పించింది మిగతా వాళ్లను.

మరి నీళ్లు గ్లాసులోవి కాకపోతే ఎక్కడివి? గాలిలోవి. ఉతికిన బట్టలు ఆరినప్పుడు ఆ నీళ్లు ఎక్కడికి పోయాయో, అక్కడివే. గాలి నీటి ఆవిరిని మోస్తుంటుంది, మనకు కనపడదు. వెచ్చగా ఉన్నచోట ఎక్కువ ఆవిరి ఉండగలదు. చల్లబడితే ఉండగలిగేది తగ్గిపోతుంది, మిగిలింది చుక్కలుగా మారుతుంది. దానికి పుస్తకంలో సాంద్రీకరణం అని పేరు ఉంది. ఆ మాటను నేను చివరిదాకా బోర్డు మీద రాయలేదు. ముందు విషయం చేతికి తగలాలి, తర్వాత పేరు.

అదే గ్లాసు ప్రయోగాన్ని జూలైలో మళ్లీ చేశాం. ఈసారి మసక కాదు, చుక్కలు కలిసి ధారగా కారి బల్ల మీద మడుగు కట్టింది. అదే గ్లాసు, అదే ఐసు. ఎందుకని? మార్చిలో గాలి ఎండిపోయి ఉంది, జూలైలో నైరుతి గాలి తేమ మోసుకొచ్చింది. ఒక పిల్లవాడు గబగబా బయటికి పోయి ఆకాశం చూసి వచ్చాడు. "మోడం పట్టింది మేడం" అన్నాడు. గ్లాసునూ ఆకాశాన్నీ నేను కలపలేదు, వాడే కలిపాడు. ఆ రోజు నాకు చాలా సంతోషం కలిగింది.

2003 జనవరిలో బళ్లలో మధ్యాహ్న భోజనం వండి పెట్టడం మొదలైంది. అంతకుముందు పిల్లలకు నెలకు 3 కిలోల బియ్యం ఇచ్చేవాళ్లు. భోజనం వచ్చాక పిల్లల హాజరు పెరిగింది, ముఖాలు మారాయి. దాన్ని గురించి వేరే రాయాలి. ఇక్కడ చెప్పేది ఆ వంట గిన్నె సంగతి. బడి వెనక చెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి. వండే అక్క అన్నం గిన్నె మూత తీసినప్పుడల్లా పిల్లలను పిలిచి చూపించేదాన్ని. మూత అడుగున చుక్కలు వేలాడుతుంటాయి, మూత వంచితే కారుతాయి. ఐసుకు ఇక ఎదురుచూడక్కర్లేదు, రోజూ పదకొండున్నరకు మా ప్రయోగశాల తెరుచుకునేది. ఆ అక్క కూడా మాతో చేరిపోయింది. "రండి పిల్లోళ్లూ, మబ్బు దించుతున్నా" అని కేకేసేది.

పొయ్యి దగ్గరే ఇంకో సంగతి తెలిసింది. టీ కోసం మూతి ఉన్న చిన్న కెటిల్ ఒకటి ఉండేది. నీళ్లు తెర్లేటప్పుడు మూతి దగ్గర చూడండి. మూతికి ఆనుకుని కొంచెం మేర ఏమీ కనపడదు, ఖాళీగా ఉంటుంది. ఆ తర్వాతే తెల్లటి పొగలాంటిది మొదలవుతుంది. ఆ ఖాళీలో ఉన్నదే అసలైన ఆవిరి, అది కనపడదు. తెల్లగా కనపడేది బయటి గాలి తగిలి చల్లబడి అప్పటికే చుక్కలైన నీళ్లు. మనం రెండింటినీ ఆవిరి అనే అంటాం. అందుకే చాలామంది పెద్దవాళ్లు కూడా మబ్బు అంటే ఆవిరి అనుకుంటారు. మబ్బు నీళ్లే. అతి సన్నటి నీటి చుక్కలు, బాగా పైన అయితే మంచు పలుకులు. గాలి వాటిని కింద పడనీయకుండా మోస్తుంటుంది.

మరి పైన ఎవరు ఐసు పెట్టారు? ఈ ప్రశ్న నేను అడిగితే పిల్లలు నవ్వారు. పైకి పోయేకొద్దీ సూర్యుడికి దగ్గరవుతాం కదా, వేడెక్కాలి కదా అన్నారు. కిలోమీటరు ఎత్తుకు పోతే సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందని చెప్పడం తేలికే. ఎందుకో చూపించడం కష్టం. సైకిల్ షాపులో పనిచేసే అన్న ఉన్న పిల్లవాడు దారి చూపించాడు. పంపు కొడితే పంపు వేడెక్కుతుంది. ట్యూబు పిన్ను నొక్కి గాలి వదిలితే వేలికి చల్లగా తగులుతుంది. నొక్కితే వేడి, వదిలితే చలువ. పైకి పోయిన గాలి మీద ఒత్తిడి తగ్గుతుంది, అది విప్పారుతుంది, విప్పారితే చల్లబడుతుంది.

దీన్ని చూపించడానికి చేసిన ప్రయోగమే నేను ఈ జన్మలో మరిచిపోలేనిది. రెండు లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ సీసా. అడుగున కొంచెం గోరువెచ్చటి నీళ్లు. మూత పెట్టి, గట్టిగా నొక్కి, ఒక్కసారిగా వదిలేయాలి. వదిలాం. పెద్దగా ఏమీ కనపడలేదు. తర్వాత మూత తీసి, అగరుబత్తి వెలిగించి ఆర్పి, ఆ పొగ కాస్త సీసాలోకి పోనిచ్చి మూత బిగించాం. పొగ కలిసిపోయింది, సీసా తేటగానే ఉంది. మళ్లీ నొక్కి వదిలాం. సీసా నిండా తెల్లటి మబ్బు! నొక్కితే మాయం. వదిలితే మళ్లీ మబ్బు. పిల్లలు సీసాను చేతిలో నుంచి చేతికి మార్చుకున్నారు, ప్రతివాడికీ తన మబ్బు తాను చేసుకోవాలి. ఆ మధ్యాహ్నం లెక్కల పీరియడ్ జరగలేదు. దానికి నేను ఇప్పటికీ బాధపడను.

పొగ ఎందుకు కావాల్సి వచ్చింది? గాలి కాస్త చల్లబడినంత మాత్రాన ఆవిరి ఊరికే చుక్క కట్టదు, పట్టుకోవడానికి దానికి ఏదో ఒకటి కావాలి. దుమ్ము, పొగ, సముద్రం నుంచి లేచిన ఉప్పు పొడి, ఏదైనా సరే. స్కాట్లండ్‌లో జాన్ ఐట్కెన్ అనే ఆయన 1880లో రెండు గాజు పాత్రలు తీసుకున్నాడు. ఒకదానిలో మామూలు గాలి, రెండోదానిలో దూదితో వడగట్టిన గాలి. రెండింటిలోకీ ఆవిరి పంపాడు. మామూలు గాలి ఉన్నదానిలో పొగమంచు నిండింది, వడగట్టిన గాలిలో ఏమీ రాలేదు. మా పిల్లలు సీసాతో చేసిందీ అదే అని చెబితే, అంతదూరంలో ఎవరో తమలాగే చేశారని వాళ్లు గర్వపడ్డారు.

ఇంతవరకూ పాఠం బాగా నడిచింది. అప్పుడు వెనక వరసలో గొర్రెల కాపరుల ఇంటి పిల్లవాడు, ఎప్పుడూ పెద్దగా మాట్లాడనివాడు అడిగాడు. "మోడం అయితే వాన పడాలి కదా మేడం. మనకెందుకు పడదు?"

అది 2003 ఆగస్టు. అంతకుముందు ఏడాది వానలు మోసం చేశాయి, ఈ ఏడూ అలాగే పోతోంది. పొద్దున మోడం కమ్ముకుంటుంది, గాలి ఈల వేస్తుంది, సాయంత్రానికి ఆకాశం తేటబడుతుంది. వాళ్ల నాయన చెనిక్కాయ విత్తనం ఇంట్లో పెట్టుకుని ఆకాశం చూస్తున్నాడు. పుస్తకంలోని బొమ్మలో మబ్బు నుంచి గీతలు దిగాయి. వాళ్ల బతుకులో దిగలేదు. బొమ్మలో తప్పు ఉందని కాదు, కానీ మబ్బుకూ వానకూ మధ్య ఉన్న దూరాన్ని ఆ బొమ్మ ఒక్క గీతతో దాటేసింది. ఆ పిల్లవాడు అడిగింది ఆ దూరం గురించే. నాకు వెంటనే జవాబు రాలేదు. రేపు చెబుతాను అన్నాను. ఆ రాత్రి ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను.

మర్నాడు రాగి గింజతో మొదలుపెట్టాను. మబ్బులో చుక్క ఒక మిల్లీమీటరులో యాభయ్యో వంతు వెడల్పు ఉంటుంది. వాన చినుకు సుమారు 2 మిల్లీమీటర్లు. రాగి గింజ మబ్బు చుక్క అయితే, వాన చినుకు చిన్న గుమ్మడికాయంత. అలాంటి చుక్కలు దాదాపు 10 లక్షలు కలిస్తే ఒక్క చినుకు. అన్ని కలిసేదాకా మబ్బు నిలవాలి, పైకి పెరగాలి, తేమ అందుతూ ఉండాలి. మధ్యలో పొడిగాలి తగిలితే చుక్కలు మళ్లీ ఆవిరైపోతాయి. మబ్బు కట్టడం సగం పనే.

తర్వాత అందరం బయటికి పోయి మట్టితో పడమటి కనుమలు కట్టాం. అరేబియా సముద్రం మీదుగా వచ్చే గాలి కొండ ఎక్కుతుంది, చల్లబడుతుంది, తేమ అక్కడే దించేస్తుంది. కర్ణాటకలో ఆ కొండల మీద ఆగుంబెలో ఏడాదికి 7 వేల మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. కొండ దాటి ఇటు దిగేటప్పుడు గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది, సైకిల్ పంపులో గాలిలాగే. మనకు ఏడాదికి 550 మిల్లీమీటర్లు. తూర్పు నుంచి వచ్చే తుపాను వానలకేమో మనం దూరం. మధ్యలో ఉన్నాం. పిల్లలు మట్టి కొండల వైపు చూస్తూ ఉండిపోయారు. తమ ఊరికి వాన రాకపోవడం ఎవరి తప్పూ కాదని, ఏ దేవుడి కోపమూ కాదని వాళ్లకు ఆ రోజు తెలియాలని నాకు గట్టిగా ఉండింది. అంతకుముందు వారమే ఊళ్లో కప్పలకు పెళ్లి చేశారు. దాన్ని నేను తప్పని అనలేదు. వాన కోసం ఊరంతా ఒకచోట చేరడంలో ఉన్న ఆరాటం నాకూ తెలుసు.

ఉత్తర చూసి ఎత్తర గంప అంటారు. ఉత్తర కార్తె దాకా చూసి, వాన లేకపోతే గంప నెత్తికెత్తుకుని ఊరు దాటమని. ఆ ఏడు చాలా ఇళ్లు అదే చేశాయి. సెప్టెంబరు చివరికి నా తరగతిలో ఎనిమిది మంది తగ్గారు. అందరూ బెంగళూరు, కట్టడం పనులకు. గొర్రెల పిల్లవాడి తాత మందతో ఊళ్లోనే ఉండిపోయాడు కానీ పిల్లవాడు అమ్మానాన్నలతో వెళ్లిపోయాడు. హాజరు పట్టీలో వాడి పేరు కొట్టేయకుండా అలాగే ఉంచాను.

ఆ తర్వాత ప్రభుత్వం మేఘమథనం చేయించింది. విమానంలో వెళ్లి మబ్బుల్లో రసాయనాలు చల్లడం. ఊళ్లో రచ్చకట్ట మీద అదే మాట. పైన విమానం శబ్దం వినపడితే పిల్లలు బయటికి పరిగెత్తేవాళ్లు. "అగరుబత్తి పొగ వేస్తున్నారు మేడం!" అని అరిచారు ఒకసారి. దాన్ని అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఆవిరి పట్టుకోవడానికి గింజలు ఇవ్వడమే కదా ఆ పని. కానీ మబ్బే లేకపోతే గింజ ఏం చేస్తుంది? అది కూడా వాళ్లే అన్నారు, నీళ్లు లేని సీసాలో పొగ వేసి, నొక్కి చూసి. వాళ్లు పదేళ్లు నిండని పిల్లలు. రచ్చకట్ట మీద పెద్దవాళ్లు విమానం వల్ల వాన వచ్చిందనీ రాలేదనీ వాదించుకుంటుంటే, మా పిల్లలు మాత్రం ఆ రోజు మోడం ఎట్లా ఉందని అడిగేవాళ్లు.

2005లో వానలు పడ్డాయి. ఈశాన్య రుతుపవనం కూడా బాగా వచ్చింది, చెరువులోకి నీళ్లు చేరాయి. పోయిన కుటుంబాలు కొన్ని తిరిగి వచ్చాయి. గొర్రెల పిల్లవాడు కూడా వచ్చాడు, పొడవయ్యాడు, కన్నడం బాగా నేర్చుకున్నాడు. వాడిని ఐదో తరగతిలో కూర్చోబెట్టాను.

డిసెంబరులో ఒక పొద్దున నేను బస్సు దిగేసరికి ఊరు కనపడలేదు. పొలాల మీద, చెరువు మీద, రోడ్డు మీద తెల్లగా పొగమంచు. పది అడుగుల అవతల ఏముందో తెలియదు. రాత్రంతా నేల చల్లబడింది, తడి నేల మీది గాలి కూడా చల్లబడింది, మబ్బు ఈసారి ఆకాశంలో కాకుండా చేలోనే కట్టింది. బడి వరండా మీద పిల్లలు గుంపుగా ఉన్నారు. జుట్టు మీద, కనురెప్పల మీద సన్నటి చుక్కలు. "మేడం, మోడంలో నడిచి వచ్చినాం!" అని అందరూ ఒక్కసారే చెప్పారు.

ఆ గుంపు వెనక నుంచి గొర్రెల పిల్లవాడు వాళ్ల తాత నల్ల కంబళిని రెండు చేతులతో పరిచి పట్టుకుని, విదలకుండా, మెల్లగా అడుగులు వేస్తూ వచ్చాడు. కంబళి బొచ్చు మీద ప్రతి వెంట్రుక కొసకూ ఒక చుక్క. నల్లటి దాని మీద తెల్లగా, వేలకు వేలు.

"ఇక్కడ అగరుబత్తి పొగ లేదు మేడం. బొచ్చు పట్టుకునింది" అన్నాడు.

అందరం కంబళి చుట్టూ చేరాం. ముక్కు దగ్గరగా పెట్టి చూశాం. ఒకతి ఊదితే రెండు చుక్కలు కలిసి ఒకటయ్యాయి, బరువెక్కి కింద పడింది. "వాన" అంది ఆ పిల్ల. తలెత్తి చూస్తే గేటు దగ్గర తాత చొక్కా ఒక్కటే వేసుకుని, చేతులు కట్టుకుని చలిలో నిలబడి ఉన్నాడు. కంబళి కోసం వచ్చాడు. నేను లోపలికి రమ్మని పిలిచి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, ఇంకొంచెం సేపు మాకు ఇవ్వమని అడిగాను.